చివరి వారం కవరు

ఇరవై ఎనిమిదో తారీఖు

వదినగారికి నమస్కారాలు.

మీరంతా కులాసా అని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఒకే ఊళ్ళో ఈ చివరా ఆ చివరా ఉంటూ ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫోన్‌లో అయితే మీరు ఏడుస్తారు, నేను ఊరుకుంటాను, అడగవలసింది అలాగే మిగిలిపోతుంది.

అడగవలసింది ఒకటే. మీ చెల్లెలు పోయి నాలుగు నెలలైంది. ఆమె నడిపిన ఏడు కవర్లను నేను అలాగే నడుపుతున్నాను. అదే బిస్కెట్ల డబ్బా, అవే కవర్లు, వాటి మీద ఆమె దస్తూరీ: దేవుడు, అద్దె, సరుకులు, కరెంటు, బస్సు, మందులు, చివరి వారం. ఒకటో తారీఖున జీతం తెచ్చి ఆమె పంచినట్టే పంచుతున్నాను. ఇరవై మూడో తారీఖుకు చివరి వారం కవరు ఖాళీ. ఆపైన, వచ్చే పదో తారీఖుకని దాచిన అద్దె కవరులో చేయి పెట్టాల్సి వస్తోంది. నెలకు ఆరు వందలు తగ్గుతోంది.

జీతం అదే. గది అదే. తినే మనిషి ఒకరు తగ్గారు. మిగలాలి. తగ్గుతోంది.

నేను ఆర్థికశాస్త్రం చదివినవాడిని. ఇరవై రెండేళ్ళుగా లారీ కాటా దగ్గర గుమాస్తాని. ఈ లెక్క నాకు తేలడం లేదు. ఆమె ఈ పద్ధతి నేర్చుకున్నది మీ ప్రార్థన మందిరంలో మీరు నడిపే పొదుపు తరగతిలోనే కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

రెండు నెలలు అద్దె ఆలస్యమైంది. మూడోసారి పదో తారీఖు దాటితే గది ఖాళీ చేయాలని ఇంటి యజమాని అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కంపెనీ వాళ్ళు ఒంటరి మగవాళ్ళకిచ్చే హాల్లో ఒక మంచం ఖాళీ ఉందట. నాకు ఈ గదిలోనే ఉండాలని ఉంది. ఎందుకో మీకు రాయనక్కర్లేదు.

మీ మరిది

తా.క. నా కోసం ప్రార్థన చేస్తామని రాస్తే సంతోషం. లెక్క కూడా రాయండి.

*

రెండో తారీఖు

మరిదిగారికి వదిన ఆశీస్సులు.

కవరు మీద మీ దస్తూరీ చూసి ఏం కబురోనని కొట్టులో నిలబడే చదివాను. తర్వాత కుట్టు మిషను మీద మోచేతులు పెట్టుకుని కూర్చుని చదివాను. ఏడవలేదు. ఏడ్చినా కొంచెమే.

నాలుగు నెలల్లో మీరు నాతో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. అందులో సగం అంకెలైనా సరే.

మీ లెక్కలో తప్పు లేదు మరిదిగారూ, వరుసలో ఉంది. కవర్లు నింపేటప్పుడు దేవుడిది మొదట నింపుతున్నారా, చివర్న చిల్లర మిగిలితే వేస్తున్నారా? మీ సంగతి నాకు తెలుసు. ముందు అద్దె వేసి ఉంటారు. ఈసారి దేవుడిది మొదట నింపండి, అదీ ఒక యాభై ఎక్కువే వేయండి. మన చేయి వదులైతేనే పైవాడి చేయి తెరుచుకుంటుంది.

చెల్లి తరగతిలో నిలబడి చెప్పిన సాక్ష్యం మీరు వినలేదు. నాలుగో వారం మొదట్లో ఖాళీ కవరు తెరిస్తే లోపల నోట్లుండేవట. ఒక నెల కాదు, ఏళ్ళ తరబడి. బస్సు చార్జీ పెరిగిన ఏడాది దేవుడి సాయం కూడా సరిగ్గా అంతే పెరిగిందని అది చెబితే తరగతంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఆ మాటలు వినే ముప్పై ఎనిమిది కుటుంబాలు కవర్లు పట్టాయి. అందరూ నెలాఖరును చూస్తే గుండె గుభేలుమనేవాళ్ళే.

కాబట్టి నమ్మి వేయండి. తిండి మానకండి. చారెడు బియ్యం వండుకుని సరిపెట్టుకునే పనులు నా దగ్గర వద్దు.

మీ వదిన

తా.క. లెక్క రాయమన్నారు. రాశాను: యాభై.

*

ఇరవై నాలుగో తారీఖు

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. అప్పటికే పంచిన కవర్లు మళ్ళీ ఖాళీ చేసి, దేవుడి కవరు మొదట నింపాను. యాభై ఎక్కువ వేశాను. చివరి వారం కవరు ఇరవై మూడుకు బదులు ఇరవై రెండుకే ఖాళీ అయింది. ఒక రోజు తేడా ఎక్కడిదో నాకు తెలుసు. యాభైది.

ఈ నెల అద్దె ఎలాగో పదో తారీఖులోపే కట్టాను. వచ్చే నెలది ముట్టకూడదనుకున్నాను. అందుకని దేవుడి కవరులోంచి రెండు వందలు అప్పు తీసుకున్నాను. ఊరికే తీయలేదు. చీటీ రాసి, సంతకం పెట్టి, కాటా ఆఫీసు ముద్ర వేసి లోపల పెట్టాను. ఒకటో తారీఖున తీరుస్తాను. ముద్ర వేస్తుంటే ఊదా సిరా కవరు అంచుకు అంటింది. నా బొటనవేలికి ఇరవై రెండేళ్ళుగా ఉన్న సిరాయే. సబ్బుకు పోదు.

మీ చెల్లెలు చెప్పిన నోట్ల సంగతి చదివాను. దాని గురించి నేనేమీ అనను.

మీ మరిది

తా.క. దేవుడికి వడ్డీ ఎంత చొప్పున కట్టాలో మీ తరగతిలో కనుక్కుని రాయగలరు.

*

ఇరవై ఆరో తారీఖు

మరిదిగారికి వదిన ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. దేవుడి దగ్గర అప్పా? ముద్ర వేసి మరీనా? పదకొండేళ్ళ నా తరగతిలో మూడు కవర్లు మరిచిపోయినవాళ్ళని చూశాను, డబ్బా పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. దేవుడికి ప్రామిసరీ నోటు రాసినవాళ్ళని చూడలేదు.

నిజం చెప్పండి. ఆరు వందలు ఎటు పోతున్నాయి? ఒంటరి మనిషి, సాయంత్రం ఇంటికి రాబుద్ధి కాదు, దారిలో పదిరకాల కొట్లు. నేనేమీ అనడం లేదు. నా భర్త పోయినప్పుడు నేను రెండు నెలలు లాటరీ టికెట్లు కొన్నాను. ఆ సంగతి చెల్లికి తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు మీకు తెలిసింది.

విషయం తరగతిలో పెట్టాను. మీ పేరు చెప్పలేదు. "లారీ కాటా దగ్గర పనిచేసే మా మరిది" అన్నాను, అంతే. ముగ్గురు మిమ్మల్ని చూడటానికి వస్తారు. రిటైరైన బడి మాస్టారు, బేకరీలో పనిచేసే ఆవిడ, ఏడో నంబరు బస్సు కండక్టరు. కొన్ని సరుకులు తెస్తారు. తీసుకోండి. మొహం ముడుచుకోకండి.

మీ వదిన

తా.క. వడ్డీ విషయం మాస్టారిని అడిగాను. దేవుడు అసలే వదిలేసే రకం కాబట్టి వడ్డీ ప్రశ్నే రాదన్నారు. ఆలోచిస్తే ఇది మనకు అంత మంచి వార్త కాదేమో అని కూడా అన్నారు.

*

ముప్పయ్యో తారీఖు

వదినగారికి నమస్కారాలు.

మీరు పంపిన ముగ్గురూ వచ్చారు. మాస్టారు మంచినీళ్ళు అడిగి, తాగేముందు గ్లాసు రెండుసార్లు వాసన చూశారు. బేకరీ ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ప్రతి డబ్బా మూత తీసింది. నేను లేచి నిలబడితే, "కూర్చో అన్నయ్యా, చీమలున్నాయేమో చూస్తున్నా" అంది. కండక్టరు గుమ్మం దగ్గర కూర్చుని గంటసేపు నా చెప్పులనే చూశాడు.

నేను తాగను. పేకాడను. లాటరీ కొనను. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

బియ్యం, నూనె, సబ్బులు వదిలి వెళ్ళారు. మర్నాడు మూట ఎత్తుకుని బస్టాపుకు వెళ్ళి కండక్టరుకు తిరిగి ఇవ్వబోయాను. బస్సులో మూటలు ఎక్కించడానికి వీల్లేదన్నాడు. అదే బస్సులో నా కళ్ళముందు ఇద్దరు మూటలతో ఎక్కారు. మూట గదిలో మూలన ఉంది. ముట్టుకోలేదు. నాకు చందాలు వద్దు, లెక్క కావాలి.

లెక్క నేనే వేశాను. మా కాటా దగ్గర పద్ధతి సులువు. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, బయటికి వెళ్ళేటప్పుడు ఒక తూకం. తేడా ఎంతో అంత సరుకు. సరుకు ఎక్కువ ఉండి కాగితంలో తక్కువ ఉంటే, కాటా ఎక్కకుండా ఏదో లోపలికి వచ్చిందని అర్థం. నా జీతంతో ఇద్దరం బతికాం. అదే జీతంతో ఒక్కణ్ణి బతకలేకపోతున్నాను. అంటే మా ఇంట్లోకి కాటా ఎక్కని డబ్బు వచ్చింది.

అది మీరే ఇచ్చారు. ఆమె అడిగి ఉండదు, మీరు ఊరుకుని ఉండరు. పదకొండేళ్ళుగా మీరు నన్ను పోషించారని తెలియక మీ ముందు తలెత్తుకుని తిరిగాను. మొత్తం ఎంతో రాయండి. తీరుస్తాను. మొదటి వాయిదా వంద ఇందులో ఉంది.

మీ మరిది

తా.క. చీమలు లేవు. అవి తినడానికి ఏమైనా ఉండాలి కదా.

*

రెండో తారీఖు

మరిదిగారికి.

ఆశీస్సులు ఉత్తరం చివర్న ఇస్తాను, ఇవ్వాలనిపిస్తే.

మీ వంద మీకే తిప్పి పంపుతున్నాను. చెల్లికి నేను చిల్లిగవ్వ ఊరికే ఇవ్వలేదు. ఇస్తే తీసుకునే మనిషా అది? ఒకసారి మీ ఇంటికి వస్తూ అరడజను అరటిపళ్ళు తెస్తే, నేను వెళ్ళేటప్పుడు సంచిలో అంతకు అంత వంకాయలు పెట్టి పంపింది. నా మీద అపవాదు వేసేముందు అది ఎలాంటిదో గుర్తు తెచ్చుకోవలసింది.

ఇంకో మాట. చెల్లి పోయాక ఆ కవరులో నోట్లు పడటం ఎందుకు ఆగిపోయిందో నన్ను అడుగుతారేం? నాకన్నా మీకే బాగా తెలియాలి. ఇంతకుమించి నన్ను మాట్లాడించకండి. నేను ఒట్టులో ఉన్నాను.

ఆశీస్సులు.

మీ వదిన

తా.క. బియ్యం వండుకోండి. మూలన పెట్టి పురుగు పట్టిస్తే మిమ్మల్ని క్షమిస్తాను కానీ బేకరీ ఆవిడ క్షమించదు.

*

నాలుగో తారీఖు

వదినగారికి నమస్కారాలు.

మీ మాట అర్థమైంది. ఆ నోట్లు నేను కాజేశానని మీ అనుమానం. అప్పు చీటీ రాసినవాడు దొంగతనం కూడా చేసి ఉంటాడని అనుకోవడంలో తప్పు లేదు. నిజం ఇంకోలా ఉంది. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు దాచి చేసేదేమీ లేదు.

ఆ నోట్లు పెట్టింది నేనే.

పదకొండేళ్ళ క్రితం ఆమె మీ తరగతి నుంచి కవర్లు తెచ్చుకుంది. మొదటి నెల నాలుగో వారంలో చివరి కవరు తెరిచి, లోపల ఏమీ లేక, మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మొహం నేను చూశాను. మర్నాటి నుంచి సాయంత్రం బస్సు ఎక్కడం మానేశాను. కాటా నుంచి ఇంటికి గంటా పది నిమిషాలు నడక. లారీల వరుస పెద్దదై ఆలస్యమైందని చెప్పేవాడిని. నెల బస్సు డబ్బులు టీకొట్టులో పాత నోట్లుగా మార్చి, వేలు తుడుచుకుని, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు కవరులో పెట్టేవాడిని. మొదట తొంభై. చివరికి మూడు వందలు. చార్జీ పెరిగినప్పుడల్లా దేవుడి సాయం పెరిగింది అందుకే.

నాకు నమ్మకం లేదు. ఆమెకు ఉంది. అది పోకూడదనుకున్నాను. మీ ముప్పై ఎనిమిది కుటుంబాలు నమ్మినది ఒక గుమాస్తా బస్సు చార్జీని. వాళ్ళకు చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి. మన్నించమని అడిగే హక్కు నాకు లేదు.

ఆమె పోయాక మళ్ళీ బస్సు ఎక్కుతున్నాను. ఎవరి కోసం నడవాలి?

దేవుడి అప్పు తీర్చాను. నెలాఖరుకు గడవక అద్దె కవరులోంచి తీసిన నాలుగు వందలు మాత్రం అలాగే తక్కువ ఉన్నాయి. పదో తారీఖున గది ఖాళీ చేస్తాను. హాల్లో మంచం పక్కన పెట్టె పెట్టుకోవడానికే చోటు. డబ్బా మీ దగ్గర ఉండటం మంచిది. కండక్టరుకు ఇచ్చి పంపుతున్నాను. కవర్లు అలాగే ఉన్నాయి.

మీ మరిది

తా.క. ఈ మూటకు కండక్టరు అభ్యంతరం చెప్పలేదు.

*

ఏడో తారీఖు

మరిదిగారికి వదిన నిండు ఆశీస్సులు.

డబ్బా అందింది. కండక్టరు దాన్ని ఆడవాళ్ళ సీటులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, టికెట్ కొట్టి, నిలబడ్డవాళ్ళు ఎంత గొణిగినా లేపకుండా తెచ్చాడు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మరిదిగారూ, మీరు దాచిన సంగతి మాకు పదకొండేళ్ళుగా తెలుసు.

మొదటిసారి నోట్లు దొరికిన రోజే చెల్లి పరుగెత్తుకుంటూ నా కొట్టుకు వచ్చింది. నోటు మూలన ఊదా రంగు వేలిముద్ర చూపించి, "అక్కా, దేవుడు కాటా ఆఫీసులో పనిచేస్తున్నాడే" అంది. నవ్వింది. నవ్వుతూనే కొట్టులో కింద కూర్చుని ఏడ్చింది. తర్వాతి వారం కండక్టరు దాన్ని అడిగాడట, "మీ ఆయన రోజూ వంతెన మీద నడిచి పోతుంటారు, బస్సు మీద కోపమా?" అని. పదకొండేళ్ళు ఆ మనిషి మిమ్మల్ని బస్సు కిటికీలోంచి చూశాడు. మీ చెప్పులకేసి ఎందుకు చూశాడో ఇప్పుడు అర్థమైందా?

ఆ డబ్బు అది ఖర్చు పెట్టలేకపోయింది. "ఇది ఆయన నడిచిన డబ్బు. దీనితో ఉల్లిపాయలు కొనడానికి నాకు చేయి రాదు. నెలాఖరులో ఎవరికి గడవకపోతే వాళ్ళకివ్వు" అని నా చేతిలో పెట్టింది. ప్రతి నెలా పెట్టింది. దానికోసం మందిరంలో ఒక చెక్కపెట్టె పెట్టాం. మాస్టారి కళ్ళజోడు, బేకరీ ఆవిడ పొయ్యి, కండక్టరు కూతురి పరీక్ష ఫీజు, అన్నీ అందులోంచే. చేతిలో ఆడినప్పుడు తిరిగి వేస్తారు. మా ముప్పై ఎనిమిది కుటుంబాల చివరి వారం మీ కాళ్ళ మీద నడిచింది. తరగతిలో మీకు "నడిచొచ్చే అన్నయ్య" అని పేరు. బస్సు చార్జీ మాటకు వాళ్ళంతా ఎందుకు నవ్వారో చూసుకోండి.

మరి మీ ఇంట్లో చివరి వారం ఎలా గడిచిందంటారా? నా కొట్టు నుంచి వారానికో చొక్కాల మూట ఏడో నంబరు బస్సులో మీ వీధి చివర దిగేది. మీరు ఏడింటికి వెళ్ళేవారు, రాత్రి ఎనిమిదింటికి వచ్చేవారు. ఆ మధ్యలో అది వాటి గుండీలకు కాజాలు కుట్టేది. నెలకు పదిహేను వందల దాకా వచ్చేది. వేళ్ళకు గాట్లు పడితే కత్తిపీట తగిలిందని మీకు చెప్పేది. మీ జీతం చాలడం లేదని మీకు అనిపించకూడదని నాతో ఒట్టు వేయించుకుంది. ఈ ఒట్టు ఇంకా చెల్లుతుందా అని మాస్టారిని అడిగితే ఆయన రెండు రోజులు ఆలోచించి, చెల్లదు, వెంటనే రాయండి అన్నారు.

మీరు మొదటి ఉత్తరం రాసినప్పుడు నోట్లు పెట్టింది మీరేనని చెప్పలేక ఇలా తిప్పి అడుగుతున్నారనుకున్నాను. మీరు నిజంగా లెక్కే అడుగుతున్నారని తట్టలేదు. నా తప్పే.

గది ఖాళీ చేయకండి. నాలుగు వందలు పెట్టెలోంచి తీసి అద్దె కవరులో వేసి, డబ్బా వెనక్కి పంపుతున్నాను. ఇది చందా కాదు. పెట్టె నుంచి ఒక్కసారైనా తీసుకోని కుటుంబం మాలో మీది ఒక్కటే. మీ వంతు వచ్చింది. ఆ బియ్యం కూడా పెట్టెవే. మీ నడకే మీ మూలన మూటగా కూర్చుంటే దాన్ని తిప్పి పంపబోయారు.

మా నమ్మకం సంగతి అడిగారు. దేవుడు ఎవరి చెప్పులు వేసుకుని వచ్చాడో మాకు మొదటి నెలే తెలుసు. అయినా తరగతి నడుస్తూనే ఉంది.

మీ వదిన

తా.క. మాస్టారికి ఆ రోజు జలుబు. గ్లాసు వాసన రెండుసార్లు చూసినా ఏమీ తెలియలేదట. మీరు తాగరని నా మాట మీదే ఒప్పుకున్నారు.

*

పదిహేనో తారీఖు

వదినగారికి నమస్కారాలు.

డబ్బా అందింది. అద్దె తొమ్మిదినే కట్టాను. బియ్యం వండాను. ఇద్దరికి సరిపడా వండాను, అలవాటు. రెండు పూటలకు వచ్చింది.

లెక్క తేలింది. నాకు తగ్గేది ఆరు వందలు. పెట్టెకు పోయిన మూడు వందలు నా బస్సువి, ఆమె పోయాక బస్సుకే పోయాయి. మిగతా తొమ్మిది వందలు ఆమె తిండి, బట్ట, మందులు. మొత్తం పదిహేను వందలు. తూకం సరిపోయింది. పదకొండేళ్ళు ఆమె తన అన్నం తానే కుట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని తిన్నాను.

మందుల కవరులో ఒక ఇత్తడి తొడుగు ఉండేది. ఏదో మందుసీసా మూత అనుకుని ఇన్నాళ్ళూ కదపలేదు. మీ ఉత్తరం చదివాక వేలికి పెట్టుకుని చూశాను. సూది గుచ్చుకోకుండా ఆమె నడిమి వేలికి పెట్టుకునేది. నా చిటికెన వేలికి పడుతుంది.

వారానికో మూట పంపండి. ఆదివారాలు, సెలవులు నావే. పాత చొక్కా మీద రెండు కాజాలు కుట్టి చూశాను. మొదటిదాంట్లో గుండీ దూరడం లేదు. రెండోదాంట్లో ఆగడం లేదు. ఒకసారి వచ్చి నేర్పండి. ఏడవవచ్చు.

దేవుడి కవరు మీద నా సందేహం అలాగే ఉంది. వేయడం మాత్రం మానను. ఆ యాభై కూడా ఉంచాను.

సోమవారం నుంచి మళ్ళీ నడుస్తున్నాను. నిన్న వంతెన మీద ఏడో నంబరు బస్సు నా పక్కన ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి, "ఎక్కుతారా అన్నయ్యా?" అన్నాడు. ఎక్కనన్నాను. అతను నవ్వి గంట కొట్టాడు. కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు చెయ్యి ఊపారు. వాళ్ళెవరో నాకు తెలియదు. నేనూ ఊపాను.

మీ మరిది

తా.క. ఇందులో కొన్ని నోట్లున్నాయి. పెట్టెలో వేయండి. ఈసారి వేలు తుడుచుకోలేదు.